మడత పడితే సగం ధర

మొదట బోర్లా వేస్తాను.
"మొఖం జూసి మురిసెటోడు గిరాకి,
ఈపు జూసెటోడు బేరగాడు"
అనేవాడు ఉస్తాద్ జలీల్ మియా.
ఆయన పోయి పదకొండేళ్ళు.
మండిబజార్ సందులో, అత్తరు కొట్టుకూ గొడుగుల రిపేరుకూ నడుమ
ఆయన చిమ్టా, ఆయన భూతద్దం,
కొంచెం ఆయన దగ్గు కూడా
నాకే మిగిలాయి.

శికారు పర్మిట్ల మీది బిళ్ళలు నా పని.
అంచు పళ్ళు లెక్కపెడతాను.
బొమ్మ నడుమకుందా, ఎడమకు ఒరిగిందా చూస్తాను.
నల్ల పళ్ళెంలో పెట్రోలు చుక్క వేస్తే
కాగితం పలచబడ్డ చోటు చీకటిగా లేస్తుంది,
దాచుకున్న జబ్బులా.
సంతకం అడ్డంగా పారితే ధర పడిపోతుంది.
మడత పడితే సగం.
జిగురుకు తడే తగలకపోతే రెండింతలు.
ఈ ఒక్క లెక్కకు ఇప్పటికీ నవ్వొస్తుంది:
ఎవడూ అడవికి పట్టుకుపోని బిళ్ళకే
ఎక్కువ విలువ.
పేలని తుపాకీ. చావని దుప్పి.
చెక్కుచెదరని జిగురు.

నిన్న మధ్యాహ్నం, ఎనుమాముల వైపు నుంచి
మిర్చి ఘాటు గాలికి కొట్టుకొస్తుంటే
తుమ్ముకుంటూ ఒకామె వచ్చింది.
సోయం ముత్తక్క. తాడ్వాయి అవతల ఊట్లగూడెం.
సంచిలోంచి వెదురు గొట్టం తీసి
గొట్టంలోంచి చుట్ట చుట్టిన కాగితం తీసింది.

నా చేతులు వణికాయి. చెప్పుకోకూడదు.
నిండు పర్మిటు. కోయని బిళ్ళ.
ఎండ ఎరగని పచ్చ, లేత మోదుగాకు పచ్చ.
పదమూడొందల నలభై నాలుగు ఫసలీ.
కింద మూల గోధుమరంగు మరక,
నెత్తురో, తుప్పో, ఎవడో ఒలకబోసిన చాయో.
కాజీపేటలో ఒకడు బిళ్ళ మటుకు కోసిస్తే
ఐదు వేలన్నాడట.
"కోయనియ్యక మంచి పని జేసినవ్. నేనైతే ముప్పై..."
నోరు జారింది.
బేరగాడు ముందు అంకె చెప్పడు.

ఆమె అంకె వినలేదు.
"ఎనుక ఏం రాసుందో సదువు సారూ."

బోర్లా వేయడమే బతుకైనవాణ్ణి,
పచ్చరంగు చూసి
వెనక్కి తిప్పడం మరిచాను.
పెన్సిలుతో వాలు ఉర్దూ:
మకాం ఊట్లగూడెం. ఇళ్ళు పద్దెనిమిది.
హాకాకు మనుషులు నలభై. కూలి, ఉప్పు.
పేర్లు లేవు.

మళ్ళీ చదవమంది.
ఇళ్ళు పద్దెనిమిది దగ్గర ఆగమంది.
"పారెస్టోళ్ళు అసలు మా ఊరే లేదంటున్నరు.
మొన్న గుడిసెలేసుకున్నరంటున్నరు.
మా తాత డోలు గొట్టి పులిని లేపిండు,
గా నలభై మందిల ఆయన యాడున్నడో ఎవలకెరుక.
ఊరి పేరైతె ఉన్నది గద.
ఇది దొంగ కాయితం గాదని రాసిస్తవా?"

ఇరవై ఏళ్ళుగా నేను రాసే చీటీలో
అంచు, నడుమ, రంగు, జిగురు, మరక
ఐదే గడులు.
ఊరుకు గడి లేదు.
చీటీ తిప్పి వెనక రాశాను:
కాగితం ఆనాటిదే.
మరక ఇవతలికి ఇంకింది, రాత దాని అడుగున ఉంది.
కనుక రాత మరక కంటే పాతది.
ధర తగ్గించే మరకకు
మొదటిసారి సాక్ష్యం పని దొరికింది.
ప్యాడ్ ఎండిపోయి ఉంటే ఉమ్మితో తడిపి
దుకాణం ముద్ర కొట్టాను.
ఇది చెల్లుతుందో లేదో చెప్పలేనన్నాను.
"సెల్లకపోతె మల్లొస్త" అంది.

ములుగు బస్సుకు టైమైంది.
నేను ప్లాస్టిక్ కవరు వెతికేలోపు
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
చీటీతో పాటు రవికెలో దోపుకుంది.

తొంభై ఏళ్ళ పచ్చ మీదుగా మడత పడిన చప్పుడు
నాకొక్కడికే వినిపించింది.
పదిహేను వేలు.

వెదురు గొట్టం బల్ల మీదే మరిచిపోయింది.
మళ్ళీ వచ్చేదాకా
అందులో చిమ్టాలు పెట్టుకున్నాను.